గుంజ కింద వెలసిన సెలవమ్మ

చిలకలేటి వంతెన దిగగానే కుడివైపు కనిపించేది శ్రీ సెలవమ్మ తల్లి ఆలయం. పెళ్ళిళ్ళు కుదిర్చే దేవుళ్ళు, విడిపోయినవారిని కలిపే దేవతలు చాలాచోట్ల ఉన్నారు. వారికి మా నమస్కారం. మా తల్లి పని వేరు. తాము వలచినవారు తమను వలవక, మనసు మళ్ళించుకోలేక నలిగిపోయేవారు ఈ గడపకు వస్తారు. ఇటువంటి దేవత మరెక్కడైనా ఉన్నదని మేము వినలేదు.

పూర్వం ఇక్కడ ఈ గుడీ లేదు, వంతెనా లేదు. ఊరికంతటికీ ఉన్నది ఒక్క పడవ. దాన్ని నడిపేది రేవువారి ఆడపడుచు అసిరమ్మ. వరదలో సైతం గెడ వేసి పడవ నడపగల దిట్ట. ఏటికి ఈ గట్టున ఉన్న శివాలయానికి గంట పోయడానికి సోమాచారి అనే కంచరి వచ్చి, ఆవలి ఊళ్ళో బస చేసి, నాలుగు నెలలు ఆమె పడవలోనే రాకపోకలు సాగించాడు. ఆమె అతణ్ణి ప్రేమించింది. అతనికి ఆ సంగతే తెలియదు. గంట పూర్తయిన రోజున ఈ గట్టున దిగి, "వస్తాను అసిరమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాటను ఆమె బాసగా పట్టుకున్నది. అతడు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని ఇక్కడే గుంజ పాతి పడవ కట్టేసింది. మూడేళ్ళు ఎవరినీ దాటించలేదు. సంతకు పోయేవారు మూటలు నెత్తిన పెట్టుకుని నడుములోతు నీళ్ళలో దాటేవారు. వరద నెలల్లో ఊరు ఊరంతా ఆగిపోయేది. తాడు విప్పబోయిన తండ్రికి ఆమె గెడ అడ్డుపెట్టింది.

"నీ ఒక్కదాని కోసం ఊరాగిపోవాలేటే?" అని ఆయన ఏడ్చాడు.

నాలుగో ఏట సోమాచారి నిజంగానే వచ్చాడు, భార్యను వెంటబెట్టుకుని.

"వస్తానన్నావు గదా ఆచారీ!" అన్నది అసిరమ్మ.

అతడు తెల్లబోయాడు. "అదేటి అసిరమ్మా! బయల్దేరినోడు వస్తాననకుండా ఎల్తానంటాడేటి?"

అతని తప్పేమీ లేదు. అందుకే ఆమెకు మరీ బాధ కలిగింది.

ఏడ్చి ఏడ్చి పడవలోనే కునుకు తీయగా, కలలో ఒక ముసలామె కనిపించి, "గుంజ పెరుకు. పాతింది నువ్వు, పెరకాల్సిందీ నువ్వేనే" అన్నది. మొదటి రోజు గుంజ కదలలేదు. రెండవ రోజు చేతులు బొబ్బలెక్కాయి. ఒక చెయ్యి పెరుకుతుంటే రెండవది నొక్కిపట్టిందని మా పెద్దలు చెబుతారు. మూడవ రోజు ఊరంతా చూస్తుండగా, "అతను నాకోసం రాడు" అని గట్టిగా అన్నది. గుంజ ఊడివచ్చింది. ఆ గోతిలో, కుడి అరచెయ్యి విప్పి ఉన్న ఈ తల్లి శిల దొరికింది.

మూడు రోజులుగా శివాలయం అరుగు మీద పడవ కోసం ఎదురుచూస్తున్న సోమాచారి దంపతులనే అసిరమ్మ మొదట దాటించింది. దిగేటప్పుడు ఏమనాలో తెలియక అతడు నిలబడిపోతే, "'ఎల్తాను' అను ఆచారీ. నాను బాగుంటాను" అన్నది.

నేటికీ భక్తులు ఆలయం వెనుక ఇసుకలో చిన్న గుంజ పాతి, తామే పెరుకుతారు. మరొకరు చెయ్యి వేయరాదు. రెండు మూడుసార్లు వచ్చినవారిని చూసి ఇక్కడ ఎవరూ నవ్వరు, అసిరమ్మకే మూడు రోజులు పట్టింది. ఆ తరువాత ఆమె పెళ్ళాడిందా అని కొందరు అడుగుతారు. మాకు తెలిసింది ఒకటే, నలభై ఏళ్ళు ఆమె పడవ ఆగలేదు.

సెలవు తీసుకునేటప్పుడు ఇక్కడ "వెళ్ళొస్తాం" అనకూడదు. "వెళ్తాం తల్లీ" అనాలి. అసిరమ్మ పుట్టింటి వంశపు పూజారిణి కుంకుమ పెట్టి, "వెళ్ళండి" అంటుంది. మళ్ళీ రమ్మని మా తల్లి ఎవరినీ అడగదు.