ముందు బాగున్న చెయ్యి

ఎముకలు కట్టే చెంగల్రాజు గారికి ఒక అలవాటుండేది. విరిగిన చేతితో ఎవరు వచ్చినా ఆయన ముందు బాగున్న చెయ్యి పట్టుకునేవారు. కళ్ళు మూసుకుని భుజం నుంచి వేళ్ళ చివరిదాకా నిదానంగా తడిమేవారు. వచ్చినవాడు నొప్పితో మెలికలు తిరుగుతూ "అది కాదయ్యా, ఈ చెయ్యి" అని అరిచినా ఆయన చెవిన పెట్టేవారు కాదు. బాగున్నది ఎలా ఉందో వేళ్ళకు తెలిశాకే విరిగినదాని మీద చెయ్యి వేసేవారు. ఆ తర్వాతే ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు, గుడ్డ కట్టు. ఆయన దగ్గర విద్య నేర్చుకునేవాళ్ళకు మొదటి ఏడాదంతా ఇదే పాఠం. వింటే ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. ఎనిమిదేళ్ళు నేర్చిన మునిరత్నానికీ అలాగే అనిపించింది, అందుకే ఈ కథ చెప్పవలసి వచ్చింది.

ఒకనాటి ఉదయం, రోగులు ఇంకా రాకముందు, మునిరత్నం గురువు గారి ముందు కూర్చున్నాడు. మోకాలు గీరుకుపోయి ఉంది, ముఖం మాడిపోయి ఉంది.

"అయ్యా, ఒక మాట అడగాల. ఒకే గురువు కాడ ఒకే విద్య నేర్చినోళ్ళు ఇద్దరు. ఒకడు పట్టిందల్లా కలిసొస్తాది. ఇంగొకడు ఏం చేసినా అడ్డం తిరుగుతాది. ఎందుకట్ల?"

ఆ ఒకడెవడో, ఇంకొకడెవడో అతను చెప్పలేదు. గురువు గారూ అడగలేదు. వసారాలో దబ్బలు చెక్కుతున్న గుణశేఖరానికి కూడా తెలుసు గనక అతను తల వంచుకుని ఇంకాస్త గట్టిగా చెక్కాడు.

గుణశేఖరం మునిరత్నం కంటే మూడేళ్ళు వెనక వచ్చినవాడు. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు సైకిల్ గంట. ఊరి వెనక కొండ మీద ఏడు పల్లెలున్నాయి. ఆ బాట అంతా గులకరాళ్ళు, వంకలు. మోటారు సైకిల్ ఎక్కదు. మనిషి నడిచి వెళ్తే పొద్దుగూకేసరికి గానీ దిగిరాడు. కట్టు వారానికొకసారి విప్పి మళ్ళీ కట్టాలి. గురువు గారికి మోకాళ్ళు సహకరించడం మానేశాయి గనక శిష్యులే వంతులు వేసుకుని వెళ్ళేవారు. గుణశేఖరం ఎక్కడి నుంచో నీలం రంగు కొండ సైకిల్ ఒకటి తెచ్చుకున్నాడు, లావు టైర్లది, ఏడు గేర్లది. అప్పటి నుంచి తెల్లారి వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి దిగిపోయేవాడు. కొండ మీద వాళ్ళు అతన్ని సైకిలు గుణన్న అనడం మొదలుపెట్టారు. వంతు మునిరత్నానిదైనా "గుణన్న రాలేదా?" అని అడిగేవారు.

ఈ మాట మునిరత్నానికి కంట్లో కారం కొట్టినట్టుండేది. అన్నం తింటున్నా ఆ నీలం సైకిలే, పడుకున్నా ఆ సైకిలే. గోడకు ఆనించి ఉన్నదాన్ని దాటి వెళ్ళేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేవాడు, రెండడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసేవాడు. అతను చెడ్డవాడు కాదు. ఓర్చుకోలేకపోయాడు, అంతే. పైగా గురువు గారు ఒక మాట అని ఉన్నారు: ఉగాది దాటాక కొండ పల్లెలు ఇద్దరిలో ఒకరికే అప్పగిస్తానని, ఆ ఒకరు ఇక ఎవరినీ అడక్కుండా సొంత చేత్తో ఎముక సరిచేసి కట్టు కట్టవచ్చునని. మునిరత్నం ఎనిమిదేళ్ళు పసరు నూరింది ఆ రోజు కోసమే. ఆ రోజు ఏడు గేర్ల మీద ఎక్కి గుణశేఖరం ఒళ్ళో పడబోతోందని అతనికి గట్టిగా అనిపించింది.

అందుకని అతనూ సైకిల్ కొన్నాడు. ఎలాంటిది కొన్నాడన్నదే చూడండి. బాట ఎలాంటిది, తన ఒళ్ళు ఎంత బరువు, ఏ సైజు తనకు సరిపోతుంది అని ఒక్కరిని అడగలేదు. ఫోన్‌లో చౌక సైకిళ్ళన్నీ ముందేసుకుని, గుణశేఖరం సైకిల్‌కు లేనిది దేనికుందో వెతికాడు. వాడిది ఏడు గేర్లు, దీనికి ఇరవై ఒకటి. వాడిది నీలం, ఇది ఎరుపూ నలుపూ. పదివేల లోపు ఇన్ని హంగులు ఎలా ఇస్తున్నారని కూడా ఆలోచించలేదు. నొక్కేశాడు.

నాలుగు రోజులకు అట్టపెట్టెలో దిగింది. హ్యాండిల్ వేరుగా, ముందు చక్రం వేరుగా, పెడళ్ళు వేరుగా ఉన్నాయి. గుణశేఖరం చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"అన్నా, కొత్తదా! అబ్బా, ఏముందన్నా! ఉండు, నా కాడ పానాలుండాయి, నేను బిగిస్తా."

"మాకూ చేతులుండాయిలే," అన్నాడు మునిరత్నం.

గుణశేఖరం వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మునిరత్నం తలుపేసుకుని ఒక పూటంతా కుస్తీ పట్టి బిగించాడు. పెట్టెలో వచ్చిన కాగితాన్ని మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు.

మర్నాడు బయటికి తీసినప్పుడు గుణశేఖరం దాన్ని చూసి ఆగిపోయాడు. "అన్నా, ఒక మాట. ఆ ముందు పక్క..." అని ఏదో చెప్పబోయాడు.

"నీ సైకిలు నువ్వు చూసుకోప్పా," అని మునిరత్నం ఎక్కి తొక్కేశాడు.

ఆ రోజు నుంచి అతని కష్టాలు చెప్పనలవి కావు. చదును రోడ్డు మీద పరవాలేదు గానీ బాట ఎక్కేటప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు వాలిపోయేది. మలుపు తిప్పితే కాలి బొటనవేలు ముందు చక్రానికి తగిలేది. ఇరవై ఒక్క గేర్లూ మార్చి చూశాడు. గాలి తగ్గించాడు, పెంచాడు. చివరికి తప్పంతా గుణశేఖరం అదృష్టం మీదకు నెట్టేశాడు. వాడి సైకిల్ మంచిది, వాడి జాతకం మంచిది, వాడి నవ్వుకు కొండ కూడా దారి ఇస్తుంది. తను ఏం కొన్నా ఇలాగే ఏడుస్తుంది. నెల రోజులు ఈ మంట కడుపులో పెట్టుకుని ఎక్కాడు, దిగాడు.

ఇక గురువు గారిని ఆ మాట అడగడానికి ముందు రోజు జరిగింది ఇది. పైపల్లెలో కోనమ్మ అనే మేకల కాపరి ముంజేయి విరిగితే కట్టు మార్చడానికి మునిరత్నం బయలుదేరాడు. గుణశేఖరం అదే పొద్దు రెండో పల్లెకు వెళ్ళాడు. వాడికంటే ముందు కిందికి దిగాలి, గురువు గారు చూడాలి, ఇదే అతని ధ్యాస. మూడో మలుపులో కాలివేలు చక్రానికి తగిలింది. సైకిల్ ఒక పక్క, తను ఒక పక్క. సంచిలో తెచ్చిన గుడ్లన్నీ పగిలి ఒక్కటి మిగిలింది. కుంటుకుంటూ పైకి చేరి, గబగబా పాత కట్టు విప్పి, దబ్బలు సర్ది, కొత్త కట్టు కట్టేశాడు. కోనమ్మ తన రెండో చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"గుణన్న వస్తే రెండు చేతులూ పట్టి చూస్తాడే. నువ్వేంది నాయనా, ఒకటే పట్టినావు?" అంది.

మునిరత్నానికి ఒళ్ళు మండిపోయింది. "నాకు ఒకటి చాల్లే అవ్వా," అని సంచి సర్దుకుని దిగిపోయాడు. కింద గుణశేఖరం అప్పటికే భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు.

ఇదంతా అతను గురువు గారికి చెప్పలేదు. ఎందుకట్ల అని మాత్రం అడిగాడు.

చెంగల్రాజు గారు తలపాగా సర్దుకుని లేచారు. "ఆ రెండు సైకిళ్ళూ ఇట్ల తీసుకురాండి," అన్నారు. ఇద్దరూ తెచ్చి వసారా ముందు పక్కపక్కన నిలబెట్టారు. ఆయన కట్టు గుడ్డ ఒకటి తీసి మునిరత్నం కళ్ళకు కట్టారు.

"నీ సైకిలు రోగి అనుకో నాయనా. చెయ్యి పెట్టి చూడు."

మునిరత్నం చేతులు చాచి తన సైకిల్ కోసం వెతికాడు. దొరికీ దొరకగానే మణికట్టు మీద వెదురు దబ్బతో చిన్న దెబ్బ పడింది.

"ఏది ముందు?"

మునిరత్నం చేతులు వెనక్కి తీసుకున్నాడు. జవాబు తెలియక కాదు. మొదటి ఏడాది నేర్చుకున్న వాడెవడైనా చెప్పగలడు. ఆ మాట అనాలంటే పక్కన ఉన్న నీలం సైకిల్‌ని తన నోటితో ఒప్పుకోవాలి, గుణశేఖరం వింటుండగా. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

"బాగుండేది," అన్నాడు చివరికి.

"అయితే పట్టుకో."

చెయ్యి జాపి నీలం సైకిల్‌ని పట్టుకున్నాడు. దాని మీద అతని చెయ్యి పడడం అదే మొదటిసారి. హ్యాండిల్ రబ్బరు బొటనవేలి దగ్గర అరిగి గుంట పడి ఉంది. సీటు చిరిగితే కట్టు గుడ్డే చుట్టి కుట్టి ఉంది. పై గొట్టం మీద వేళ్ళు నడిపిస్తూ ఒకచోట ఆగిపోయాడు. రంగు కింద కనుపులాంటి ఉబ్బు. అలాంటి ఉబ్బు అతని వేళ్ళకు కొత్త కాదు.

"ఇది ఎప్పుడో విరిగి అతుక్కున్నది," అన్నాడు, సైకిల్ అని మరిచిపోయి.

"అవునన్నా," అన్నాడు గుణశేఖరం. "పాత సామాన్ల అంగట్లో విరిగి పడుంటే తెచ్చి అతుకు వేయించినా. కొత్తది కొనే తాహతు నాకు యాడిది?"

నెలల తరబడి తనను నిద్రపోనివ్వని సైకిల్ ఇదా? వేళ్ళు ముందుకు నడిచాయి. హ్యాండిల్ కింద, చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తగిలింది. దానికి ముందు వైపు బ్రేకు ఉంది. కిందికి వంగి తడిమితే ముందు చక్రానికీ పెడల్‌కూ మధ్య జానెడు సందు. ఇప్పుడు తన సైకిల్ మీద చెయ్యి వేశాడు. ఫోర్కు ముందు వైపు బోసిగా ఉంది. బ్రేకు కోసం తడిమితే అది వెనక, గొట్టం వైపు దాక్కుని ఉంది. చక్రానికీ పెడల్‌కూ మధ్య నాలుగు వేళ్ళు పట్టడం లేదు.

మళ్ళీ నీలం సైకిల్ పట్టుకున్నాడు. మళ్ళీ తనది. ఎనిమిదేళ్ళు నేర్చినవాడిలా కాదు, మొదటి ఏడాది శిష్యుడిలా తడిమాడు.

"అయ్యా, తిరగబడింది. ముందు భాగం వెనక్కి పెట్టి బిగించినాను."

"పెట్టెలో పట్టాలని ఫోర్కు వెనక్కి తిప్పి పంపుతారన్నా," అన్నాడు గుణశేఖరం మెల్లగా. "తిప్పుకోని బిగించాల. ఆ పొద్దే చెప్దామనుకున్నా."

"చెప్పనిచ్చినానా నేను," అన్నాడు మునిరత్నం.

గుణశేఖరం పానాలు తెచ్చాడు. మునిరత్నం కళ్ళకున్న గుడ్డ విప్పి చక్రం పట్టుకున్నాడు, గుణశేఖరం మర వదులు చేసి ఫోర్కు తిప్పి బిగించాడు. రోగులు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చునేలోపు పని అయిపోయింది. నెల రోజుల జాతకదోషం అంత సేపట్లో పోయింది.

సైకిల్ నిలబెట్టాక కూడా మునిరత్నం కదలలేదు. అరుగు మీద ఒక ముసలాయన విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గురువు గారు అలవాటు ప్రకారం ఆయన బాగున్న చెయ్యి పట్టుకున్నారు. అది చూసి మునిరత్నానికి నిన్న కోనమ్మకు కట్టిన కట్టు గుర్తొచ్చింది. చెప్తే ఉగాది తర్వాత కొండ పల్లెలు ఎవరివో అతనికి తెలుసు. చెప్పకపోతే కోనమ్మ చెయ్యి ఎలా అతుక్కుంటుందో కూడా తెలుసు. గుణశేఖరం ఎదుటే, రోగులందరి ఎదుటే నోరు విప్పాడు.

"అయ్యా, నిన్న పైపల్లెలో కోనమ్మకు... రెండో చెయ్యి పట్టుకోకుండా కట్టేసినాను. తొందరలో. వీడికంటే ముందు దిగాలని."

చెంగల్రాజు గారు ముసలాయన చెయ్యి వదలలేదు, కళ్ళు తెరవలేదు. తల ఊపారు.

"ఎముక ఇంకా పచ్చిగానే ఉంటాది. ఇప్పుడే పో, విప్పి కట్టు. గుణా, గుడ్లు ఎన్నుంటే అన్నీ ఇయ్యి వాడికి."

గుణశేఖరం గుడ్లను తవుడులో పెట్టి సంచిలో సర్ది ఇచ్చాడు. మునిరత్నం సంచి భుజాన వేసుకున్నాడు. సైకిల్ మీద ఒక కాలు వేసి మళ్ళీ ఆగాడు. కొండ పల్లెల సంగతి అడుగుతాడనుకున్నారు అందరూ. అది అడగలేదు.

"అయ్యా, పొద్దున నేనడిగిన దానికి మీరు ఏమీ చెప్పలేదు."

గురువు గారు అప్పుడు కళ్ళు తెరిచారు. ముందు నీలం సైకిల్ వైపు, తర్వాత శిష్యుడి వైపు చూశారు.

"ఇన్నాళ్ళుగా రేయీ పగలూ దాన్నే చూస్తా ఉండావు కదా నాయనా," అన్నారు. "ఒక్క దినమన్నా కనపడిందా?"