పొద గులాబీకి గారం ఎందుకు పడదంటే

ఒకప్పుడు గులాబీ అంత సుకుమారి మరొకటి లేదు. ఎండ తగిలితే కళ్లు తిరిగేవి. చినుకు పడితే తుమ్ములొచ్చేవి. ఒక్క పువ్వు పూసి, కొండ ఎత్తినట్టు నెలంతా ఆయాసపడేది.

అలాంటి గులాబీని పైడితల్లి తన పెరట్లో పెంచుకుంది. గొడుగు పట్టింది, విసనకర్రతో విసిరింది. ఓ రోజు చెల్లెలి పురిటికి వెళ్తూ మొగుడికి అప్పజెప్పింది.

"నేనొచ్చేసరికి ఇది బతికుండాలి. లేదంటే మళ్లీ మా చెల్లెలింటికే పోతాను."

"దానికేం భాగ్యం" అన్నాడు గవరయ్య, మంచం మీదనుంచే.

గవరయ్య మంచివాడే. కాకపోతే ముక్కు మీద ఈగ వాలితే, రెండోది కూడా వచ్చాక ఒకేసారి తోలొచ్చులే అనుకునే రకం.

"గవరయ్యా, దాహం" అంది గులాబీ.

"వస్తున్నా తల్లీ" అని అటు తిరిగి పడుకున్నాడు.

"గవరయ్యా, ఎండ."

"ఇదిగో, లేచేశా" అని ఇటు తిరిగాడు.

గులాబీకి ప్రాణం మీదికొచ్చింది. "భూదేవమ్మా, కాస్త నీళ్లు పొయ్యవా?" అని ఏడ్చింది.

"నేను పైకి రాలేనమ్మా. నువ్వే కిందికి రా" అంది నేల.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గులాబీ వేళ్లు కిందికి చాచింది. లోపలెక్కడో తడి తగిలింది. ఆ బలంతో ఆకులు మందం చేసుకుని ఎండకు ఎదురు నిలిచింది.

ఇంతలో గవరయ్య మూయని తడిక దాటి మేక వచ్చింది. కొమ్మలన్నీ మొదలుదాకా మేసి, "చప్పగా ఉన్నావు" అని వెళ్లిపోయింది. కొరికిన చోటల్లా గులాబీకి రోషం పొడుచుకొచ్చింది. రోషం వెంట చిగుళ్లు, చిగుళ్ల చివర మొగ్గల గుత్తులు.

పైడితల్లి తిరిగొచ్చి నోరు తెరిచింది. పొదంతా పువ్వులే.

"ఏం చేశావయ్యా?"

"ఏమీ చెయ్యలేదే" అన్నాడు గవరయ్య. జన్మలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ మాత్రం "ఎంత వినయమో" అని మురిసిపోయి గారెలు వండిపెట్టింది. గవరయ్య ఇంకేమీ మాట్లాడకుండా తిన్నాడు.

మర్నాటినుంచి మొక్కకు మళ్లీ గొడుగు, పొద్దున ఓ బిందె, సాయంత్రం ఓ బిందె నీళ్లు. వేళ్లు బురదలో నానిపోయాయి. ఆకులు పసుపురంగు తిరిగి రాలసాగాయి.

"గవరయ్యా, మీ ఆవిడ ప్రేమతో చచ్చేలా ఉన్నాను. అసలు సంగతి చెప్పెయ్యి" అంది గులాబీ నీరసంగా.

చెబితే గారెలు పోతాయి. చెప్పకపోతే మొక్క పోతుంది. గవరయ్య కాసేపు వంటింటివైపు, కాసేపు పెరటివైపు చూసి, మంచం దిగాడు.

"పైడీ, నేను చేసింది నిద్రపోవడం ఒక్కటే. కత్తిరింపులు మేక చేసింది. దాన్నలా వదిలెయ్యి."

"వదిలేస్తే పాడైపోదూ?"

"పెళ్లయిన కొత్తలో నన్నూ ఇలాగే గారం చేశావు. ఏమయ్యానో చూస్తున్నావుగా."

పైడితల్లి మొక్కను చూసింది. మొగుణ్ని చూసింది. బిందె కింద పెట్టి, గొడుగు మడిచేసింది.

అప్పటినుంచే పొద గులాబీ ఎవరి సేవా అడగదు. ఎండలోనే నిలబడుతుంది. నేల ఆరాక ఓ చెంబు నీళ్లు చాలంటుంది. కొమ్మలు కత్తిరిస్తే రోషం తెచ్చుకుని గుత్తులు గుత్తులుగా పూస్తుంది. మరీ గారం చేశారో, ఆకులు రాల్చి అలుగుతుంది.