నూకరత్నం వేలి కట్టు

నీ వేలి కట్టు మీంచి ఆ చెయ్యి తియ్యవే బుజ్జులూ! గోకావంటే కథ లేదు. ఆఁ, అలా. ఊఁ కొట్టు మరి.

అనగనగా గోదారి పక్కన ఒక ఊళ్ళో నూకరత్నమని ఒకావిడ ఉండేది. పూతరేకులు చెయ్యడంలో ఆవిడకి ఆవిడే సాటి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద అలా లాగితే చాలు, రేకు తయారు. దాన్ని వేలి కొసతో మెల్లిగా లేపాలి. వేలు మొరటుదైతే రేకు చిరిగి కూర్చుంటుంది. నూకరత్నం చూపుడువేలు తగిలితే మాత్రం తనంతట తానే లేచొచ్చేది.

ఒకరోజు కత్తిపీట మీద బెల్లం దిమ్మ కోస్తుంటే చెయ్యి జారింది. అమ్మో! ఆ వేలి కొస కాస్తా తెగిపోయింది. నూకరత్నం రక్తం చూసి ఏడవలేదు. "ఇంక నేను రేకెలా తీసేది దేవుడా!" అని ఏడ్చింది.

అప్పుడు అత్తగారు సత్తెమ్మ ఆవిణ్ణి ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ వేలు కడిగి, ఎక్స్‌రే తీయించి చూసింది.

"ఎముక బాగానే ఉంది. ఆపరేషన్ వద్దు, కుట్లూ వద్దు. తడి ఆరనివ్వని కట్టు కడతాను. లోపల తడి ఊరుతుంది, కంపు కొడుతుంది. ఆ తడిలోనే కండ పెరుగుతుంది. వేలు వాచినా, జ్వరమొచ్చినా పరుగెత్తుకు రా. కంపు కొడుతోందని మాత్రం విప్పకు. వారం వారం నేనే మారుస్తాను" అంది.

ఆ తర్వాత చూడాలి కంపు! సత్తెమ్మ ముక్కు మూసుకుని పసుపు పట్టుకొచ్చింది. నూకరత్నం వద్దంది. మర్నాడు కాఫీపొడి పట్టుకొచ్చింది. అదీ వద్దంది. సత్తెమ్మకి ఒళ్ళు మండింది. పాపం, ఆవిడ భయం ఆవిడది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రేకుల పనే. తడి తగిలితే రేకు పాడైపోతుంది కదా, వేలూ అంతే అనుకుంది.

అందుకని మూడోసారి కోడలి చెయ్యి పట్టుకుని కుండ దగ్గరికి లాగింది. "కుళ్ళిపోతోందే పిచ్చిమొహమా! విప్పి సెగకి ఆరబెడదాం రా."

నూకరత్నానికీ అనుమానమొచ్చింది. నిజంగానే కుళ్ళిపోతోందేమో! రెండో చెయ్యి కట్టు మీదికి పోయింది. అప్పుడు పక్కనున్న పిండిగిన్నె కనబడింది. దానిమీద సత్తెమ్మ కప్పిన తడిగుడ్డ ఉంది.

"అత్తయ్యా, పిండి మీద తడిగుడ్డ ఎందుకేశారు?"

"ఎయ్యకపోతే ఎండి అట్టకట్టదా? ఇంక దాంతో రేకేం వస్తుంది, నా తలకాయ!"

"మరి నా వేలు కూడా ఇప్పుడు పిండేనండీ. ఇంకా రేకు అవ్వలేదు."

సత్తెమ్మ పిండిగిన్నె వంక చూసింది, కోడలి వేలి వంక చూసింది. చెయ్యి వదిలేసింది. ఆ రోజు నుంచీ ఎవరైనా కట్టు దగ్గరికొస్తే ఆవిడే కసిరేది. "పిండి ఊరుతోంది, ముట్టుకోకండి!" అనేది.

అలా వారాలు గడిచాయి. డాక్టరమ్మ చివరి కట్టు విప్పింది. గుండ్రంగా, లేతగా కొత్త కొస! కొన్నాళ్ళు వేడి తగలనివ్వద్దంది. నూకరత్నం బుద్ధిగా ఆగింది.

ఆ తర్వాత కుండ ముందు కూర్చుంది. మొదటి రేకు చిరిగింది. రెండోదీ చిరిగింది. సత్తెమ్మ కనబడ్డ దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టేసింది. మూడోది... ఏమే, ఊఁ కొట్టవేం? మూడోది తనంతట తానే లేచొచ్చింది!

నూకరత్నం దానికి నెయ్యి రాసి, బెల్లం చల్లి, మడిచి అత్తగారి నోట్లో పెట్టింది. సత్తెమ్మ ఆ వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "నెయ్యి వాసనేనే తల్లీ!" అని కళ్ళు తుడుచుకుంది.

కథేమో కంచికి పోయింది,
కంపేమో కాలవలో కలిసింది,
కట్టేమో నీ వేలికే ఉంది,
నిద్దరేమో నీ కళ్ళకొచ్చింది!