వన్నూరప్ప కొనబోయిన కరెంటు బెల్టు

వన్నూరప్పకు కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. ఎందుకని అడిగినవాళ్లకు కారణం చెప్పలేదు. కుక్కకు ఏ బెల్టు కొనాలో తేలక ఒక మనిషి చిక్కిపోతున్నాడంటే ఎవరైనా నవ్వుతారు కదా!

మామూలు బెల్టయితే ఇంత గొడవ లేదు. ఇది కరెంటు బెల్టు. కుక్క మెడకు కట్టి రిమోటు మన దగ్గర పెట్టుకోవాలి. కుక్క మాట వినకపోతే మీట నొక్కితే చాలు, ముందు కీచుమంటుంది, తర్వాత అదురుతుంది, అప్పటికీ వినకపోతే చురుక్కుమనిపిస్తుంది. బళ్లారిలో అంగడాయన మూడు రకాలు చేతిలో పెట్టి, "తీస్కపోయి చూడప్పా, నచ్చింది ఉంచుకో, తక్కినవి తెచ్చియ్" అన్నాడు. ఆ మంచితనమే వన్నూరప్ప కొంప ముంచింది. ఒక్కటే ఇచ్చివుంటే దాన్నే కట్టి హాయిగా నిద్రపోయేవాడు.

మొదటిది తేలికగా బాగానే ఉంది, కానీ చేను గట్టు దాటితే పనిచేయదు. రెండోది గుట్ట అవతలి దాకా పనిచేస్తుంది, వానకు తడిసినా పాడవదు, కానీ సన్నటి మెడకు మరీ బరువు. మూడోది కుక్క ఎక్కడ తిరుగుతోందో ఫోనులో చూపిస్తుంది. తీరా ఆ గుట్టల్లో ఫోనుకే సిగ్నలు ఉండదు. పోనీ ఏదో ఒకటి అనుకుంటే, చురుకు ఎంత పెట్టాలో తెలియదు. తక్కువ పెడితే లెక్కచేయదనీ, ఎక్కువ పెడితే బెదిరి ఊరు విడిచిపోతుందనీ బావమరిది చెప్పాడు. వీడియోలో ఒకాయన సరిగ్గా దీనికి తిరగేసి చెప్పాడు. వన్నూరప్ప ఇద్దరి మాటకూ తలూపాడు.

వన్నూరప్పది వేటగాళ్ల ఇల్లు. ఇప్పుడు వేట నేరం కాబట్టి, శనక్కాయ చేల మీద పడే అడవిపందుల్ని తన కుక్కలతో గుట్ట దాకా తరిమి రావడమే ఆయన పని. ఊళ్లో మాత్రం వాటిని ఇప్పటికీ వేటకుక్కలనే అంటారు. పోయినేడు దాకా రెండుండేవి. పెద్దది బైరి. ఒకనాడు పందుల వెంటపడి కంపల దాకా పోయింది. వన్నూరప్ప గొంతు చించుకుని పిలిచాడు. బైరి ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూసింది, మళ్లీ కంపల్లోకి దూరింది. అంతే, ప్రాణాలతో బయటికి రాలేదు. మీసాలు నెరిసిన మనిషి వాకిట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇక మిగిలింది చిట్టి. దానికీ ఆ రోగమే పట్టింది. పిలిస్తే నిలబడి చూస్తుందే గాని రాదు. చేలల్లో శనక్కాయ చెట్లకు ఊడలు దిగి కాయ పడుతోంది, పందులు వచ్చే కాలం. చిట్టి పిలుపుకు వెనక్కి రావడం నేర్వకపోతే అది కూడా బైరి దారే పడుతుంది. వన్నూరప్ప దిగులంతా అదే.

గురువారం పొద్దున్నే మూడు పెట్టెలూ సంచిలో వేసుకుని, చిట్టిని వెంటబెట్టుకుని గుట్ట మీది దర్గాకు పోయాడు. అక్కడ పక్కీరప్ప తాత ఉంటాడు. దూదేకులాయన. దర్గా ఊడ్చుకుంటూ, వచ్చినవాళ్లకు రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీదా పెడుతూ, అడిగినవాళ్లకు ఒకటో రెండో మాటలు చెబుతూ ముసలివాడయ్యాడు. వన్నూరప్ప ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్న శిష్యుడు. తాత కోప్పడగా చూసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

ప్రహరీ బయట రాతి స్తంభానికి చిట్టిని కట్టబోతుంటే, అది తొండను చూసి గొలుసు విదిలించుకుని పోయింది. వన్నూరప్ప పిలిచాడు. అది నిలబడి చూసింది. మళ్లీ పిలిచాడు. అప్పుడు గోడ వారగా, మెడ ముడుచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, చెయ్యి అందనంత దూరంలో ఆగింది. వన్నూరప్ప ఒక్క అంగలో దాన్ని పట్టుకుని, చెవి మీద ఒకటి తగిలించి, స్తంభానికి బిగించి కట్టాడు.

"తాత పిలిస్తే నేనెట్ల పరిగెత్తి పోతానో చూసి నేర్చుకో, సిగ్గులేనిదానా!" అన్నాడు.

తాత బయట అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. వన్నూరప్ప మూడు పెట్టెలూ ఆయన ముందు విప్పి, ఏది ఎంత దూరం పనిచేస్తుందో, ఏది ఎంత చురుక్కుమంటుందో ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకొచ్చాడు. తాత ఒక రిమోటు తీసుకుని మీట నొక్కాడు. పెట్టెలోని బెల్టు కీచుమంది.

"ఇది అరిస్తే కుక్క ఏమనుకుంటాది?"

"నేను పిలుస్తాండాననుకుంటాది తాతా."

"నువ్వు పిలిస్తే ఏమనుకుంటాది?"

వన్నూరప్ప బుర్ర గోక్కున్నాడు. "అదేమనుకుంటాది తాతా, కుక్క కదా!"

"సరే. సాయంత్రం చెప్తాలే. పోయి పని చూసుకో" అన్నాడు తాత.

వన్నూరప్ప చీపురు తీసుకుని లోపలి వసారా ఊడుస్తున్నాడు. బయటి నుంచి "వన్నూరా!" అని కేక వినిపించింది. చీపురు అక్కడే పడేసి, పంచె ఎగగట్టి పరిగెత్తాడు. పరిగెత్తుతూ చిట్టి వంక, చూశావా అన్నట్టు ఒక చూపు కూడా చూశాడు.

"పిలిచి ఎంతసేపాయె? కాళ్లు పడిపొయినాయా?" అన్నాడు తాత. అని, చేతిలోని విసనకర్రతో భుజం మీద ఒకటి వేశాడు. "పో, ఆ కుక్క పక్కన కూర్చో. నేను చెప్పేదాంక లేయొద్దు."

వన్నూరప్ప భుజం తడుముకున్నాడు. పోయి ఎండలో స్తంభం పక్కన కూర్చున్నాడు. దెబ్బ దోమ వాలినంత కూడా లేదు. కానీ తాత చేత దెబ్బ! ఏం తప్పు చేశాడు? చెప్పుల కాళ్లతో లోపలికి పోయాడా? లేదే. కుక్కను తేవడం నచ్చలేదా? ఎన్నిసార్లు తేలేదు! పోనీ ఈ బెల్టుల గోల తెచ్చి నెత్తిన వేసినందుకా? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. చాలాసేపటికి తాత "లే, పో" అన్నాడు, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మధ్యాహ్నం సైదమ్మ అందరికీ ఆకుల్లో మలీదా పెట్టింది. దర్గాలో వంట చూసేది ఆమే. వన్నూరప్ప బెల్లం వాసనకు బెంగంతా మరిచిపోయి ముద్ద ఎత్తబోయాడు. "వన్నూరా!" అని కేక. ఆకు చేతిలో పట్టుకునే పరిగెత్తాడు.

"ఇప్పుడా వచ్చేది?" తాత ఆ ఆకు లాక్కుని పక్కన పెట్టాడు. విసనకర్ర మళ్లీ భుజం మీద పడింది. "పో. కూర్చో."

ఈసారి ఎండ కంటే ఆకలి ఎక్కువ కాల్చింది. ఈయనకు వయసు మీద పడి మతి తప్పిందేమో అని ఒక పాపిష్టి ఆలోచన వచ్చింది. వెంటనే లెంపలు వేసుకున్నాడు. పక్కన చిట్టి ముందరి కాళ్ల మీద తల పెట్టుకుని వన్నూరప్పనే చూస్తోంది. "ఏంది చూస్తావు? నాకూ ఏం అర్థం కాల్యా" అన్నాడు దానితో.

పొద్దు వాలాక, మెట్ల దగ్గర తెలిసినవాళ్లు కనబడితే నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. మళ్లీ కేక. పోయాడు. పరిగెత్తలేదు, నడిచే పోయాడు. నడుస్తుండగానే భుజం దానంతట అదే ముడుచుకుంది. మళ్లీ అదే తిట్టు, అదే విసనకర్ర, అదే స్తంభం.

తాత వదిలిపెట్టాక, గోడ వెనక కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. చల్లటి నీళ్లు, నీడ, ఎవరూ లేరు. పొద్దుటి నుంచి ప్రాణానికి అదే హాయిగా ఉంది.

"వన్నూరా!"

కాళ్లు కదల్లేదు. నీళ్ల చప్పుడుకు వినబడలేదంటే సరిపోతుందిలే అనుకుని, కొళాయి ఇంకాస్త తిప్పాడు.

"వన్నూరా!"

గోడ మీంచి తల మాత్రం ఎత్తి చూశాడు. తాత ఇటే చూస్తున్నాడు. వన్నూరప్ప అటు చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. ఇక తప్పదని కొళాయి కట్టేసి, గోడ వారగా, మెడ ముడుచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, విసనకర్ర అందనంత దూరంలో ఆగాడు.

తాత చేతిలో విసనకర్ర లేదు. ఆయన ముందు మూడు బెల్టులూ వరసగా పరిచి ఉన్నాయి.

"వీటిల్లో ఏది సరిపోతాదంటావు?" అన్నాడు, ఎప్పటి మెత్తటి గొంతుతో.

"చిట్టికా తాతా?"

"కాదు. పొద్దున పిలిస్తే పరిగెత్తి వచ్చి, ఇప్పుడు రానోనికి."

వన్నూరప్ప తాను నిలబడిన చోటును చూసుకున్నాడు. తనకూ తాతకూ మధ్య ఉన్న ఆ కాస్త జాగాను చూశాడు. తర్వాత స్తంభం దగ్గరి చిట్టిని చూశాడు.

ఉన్నట్టుండి కంపల దగ్గర ఆగి వెనక్కి చూసిన బైరి కళ్ల ముందు నిలిచింది. అది ఎందుకు రాలేదో ఏడాది పొడుగునా తెలియలేదు. పందిని చూసి ఒళ్లు తెలియలేదనుకున్నాడు, పొగరనుకున్నాడు, రాత అనుకున్నాడు. ఆ రోజు బైరిని పిలుస్తున్నప్పుడు తన చేతిలో గొలుసు ఉంది, పిలిస్తే వచ్చినప్పుడల్లా ఒకటి తగిలించి కట్టేసే గొలుసు. బైరి చూసింది దాన్నే.

వన్నూరప్ప అక్కడే కూలబడి ముఖం కప్పుకున్నాడు. తాత లేచి వచ్చి, మధ్యాహ్నం తీసి పెట్టిన మలీదా ఆకు ఆయన ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

కాసేపటికి వన్నూరప్ప కళ్లు తుడుచుకుని చిట్టి దగ్గరికి పోయాడు. గొలుసు విప్పి, బెల్టులున్న సంచిలో వేసి, సంచి మూతి కట్టేశాడు. చిట్టి తుర్రుమని బండల దాకా పోయింది. వన్నూరప్ప ఆకుతో సహా నేల మీద కూర్చున్నాడు.

"చిట్టీ!"

నిలబడి చూసింది. రాలేదు. వన్నూరప్పకు అలవాటు ప్రకారం కోపం గొంతు దాకా వచ్చింది. మింగేశాడు. కొంచెం ఆగి మళ్లీ పిలిచాడు. పొద్దు గుట్ట వెనక్కి దిగుతుండగా అది గోడ వారగా వచ్చి, చెయ్యి అందనంత దూరంలో ఆగింది. ఆయన ఒక ముద్ద అరచేతిలో పెట్టి చాపాడు. చాలాసేపు చూసి, మెడ ఎంత సాగితే అంత సాచి, తిన్నది.

తినేసి, తనే ఒక అడుగు ముందుకేసి, తల వంచి మెడ అందించింది, గొలుసు వేయించుకోవడానికి.

వన్నూరప్ప గుండె చెరువైంది. "వద్దులేవే, పో" అన్నాడు. "పో, ఆడుకో."

చిట్టికి అర్థం కాలేదు. ఆయన చేతులు చూసింది, స్తంభాన్ని చూసింది, మళ్లీ ఆయన ముఖం చూసింది. పొద్దుటి నుంచి తాతను తను ఎట్లా చూశాడో అట్లాగే చూసింది. కొంచెం దూరం పోయి, నిలబడి వెనక్కి తిరిగింది.

వన్నూరప్ప పిలవలేదు.

చిట్టే పరిగెత్తుకుంటూ వచ్చింది.