అర్జునుడి రథానికి దారి

అనగనగా కాలవ ఆఖర్న ఓ చిన్న ఊరు. ఆ ఊళ్ళో నాట్ల ముఠాకి పెద్ద సూరాలమ్మ. పన్నెండు మంది ఆడవాళ్ళు వరసగా వంగారంటే మునుం ముగిసేదాకా నడుం ఎత్తడానికి లేదు. మునుం అంటే మీకు తెలీదు కదూ, ఇప్పుడన్నీ మిషన్లే. ఒక వరస మనుషులు ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా నాటే చెక్క. అప్పట్లో వాళ్ళు పాడుకునే పాట మా వంటింట్లోకి వినపడేది. మునుం సగంలో వదిలితే పంటా సగమేనని సూరాలమ్మ నమ్మకం.

ఊ కొడుతున్నారా?

ఆవిడకి కొత్త కోడలొచ్చింది, నూకరత్నం. ఓ మధ్యాహ్నం ముఠాతో పాటు ఇద్దరూ చేలో ఉండగా పడమట మెరిసింది. అత్తకి పిడుగంటే భయం. ఉరుమంటే అర్జునుడి రథం చప్పుడంటారుగా. నాటుతూనే అర్జునుడి పేర్లు ఎత్తుకుంది. అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ... పది పేర్లూ మూడుసార్లు చదివాక ఉరిమింది. మళ్ళీ మెరుపు, మళ్ళీ పేర్లు, రెండుసార్లకే ఉరుము. మళ్ళీ మెరుపు, మళ్ళీ పేర్లు, ఒక్కసారికే ఉరుము.

కోడలు నడుం ఎత్తింది. ఊరి చివర శ్లాబు వేసిన బడిలోకి పోదామంది. నాలుగు బారల మునుం మిగిలుంది, వదిలావంటే నా ముఠాలోకీ రావద్దు, నా వంటింట్లోకీ రావద్దు అంది అత్త. ఇంకో మెరుపు. కిరీటీ దాకా వచ్చిందో లేదో ఉరిమింది.

"అత్తా, పేర్లు తరిగిపోతున్నాయి. ఆయన రథం దగ్గరికొచ్చేస్తోంది. పిలిచేదీ నువ్వే, దారికి అడ్డం నిలబడేదీ నువ్వేనా?"

అత్త మిగిలిన నాలుగు బారల వైపు చూసింది. కోడలు మునుం ఆగిన చోట నారుకట్ట ఒకటి గుచ్చి, మన బదులు ఇది నిలబడుతుంది, మునుం వదిలినట్టు కాదంది. అందరూ కదిలారు. కొందరు చద్దిగిన్నెలు పెట్టిన తాటిచెట్టు కిందికి పోబోయారు. చేలో పొడుగ్గా ఉన్నదాన్నే ఆయన ముందు పలకరిస్తాడని కోడలు వాళ్ళనీ లాక్కుపోయింది.

బడి గడప దాటారో లేదో పిడుగు పడింది. తాటిచెట్టు తలకాయ భగ్గున మండింది. గిన్నెలు మాడి నల్లగా అయిపోయాయి.

ఆఖరి ఉరుము తరవాత కూడా, ఎసరు పెట్టి అన్నం వార్చేంతసేపు కోడలు ఎవర్నీ బయటికి పోనివ్వలేదు. అప్పుడెళ్ళి మునుం ముగించారు. నారుకట్ట తీసింది సూరాలమ్మే. ఆ రాత్రి కోడలికి తనే కంచం పెట్టింది. మెరిశాక పేర్లు మూడుసార్లు పూర్తికాకుండా ఉరిమితే నారుకట్ట గుచ్చి నడవడమేనని ముఠాకి చెప్పేసింది. ఆ ఏడు పంట సగం కాలేదర్రా, గాదెలు నిండాయి.

మీరూ పేర్లు చదవండి, వద్దనను. కాళ్ళు కదుపుతూ చదవండి.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.