పాట చివర దగ్గినాయన

ఇది చిన్న కథ. చేతిలో కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. ఆదోనిలో హోటల్ ఈరన్న ఇచ్చే కాఫీ అయితే ఆ లెక్క కుదరదు, అది చల్లారాకే బల్ల మీదికి వస్తుంది. సాంబారు మాత్రం తన సొంత తయారీ అంటాడు ఈరన్న. అందులో పులుపు ఎదురు హోటలుది, పొడి అత్తగారిది. ముల్లంగి తనదే.

ఆ ఈరన్నే, పాటల ఆల్బమ్ చేస్తున్న సువార్తను ఒకరోజు హోటల్లో అందరి ముందూ పట్టుకున్నాడు.

"ఏం పాపా, పాత రికార్డుల్లో ఆడొక గొంతు ముక్క, ఈడొక తబలా ముక్క కోసి కుట్టి, పదకొండు పాటలూ నావే అంటాండావంట? నాలుగిళ్ల కూర కలిపి నేనే వండినా అన్నట్టుండాది!"

మర్నాడే ఆల్బమ్ బెంగుళూరు కంపెనీకి పంపాలి. మూడేళ్ల కష్టం. అట్ట మీద ఒకటే పేరు, సువార్త.

ఆమె తిన్నగా ఖాదర్ వలీ దగ్గరికి పోయింది. గ్రామఫోన్లు బాగుచేసే ముసలాయన. రికార్డులన్నీ ఆయనవే, పని నేర్పిందీ ఆయనే. మనుషుల మాట ఆయన చెవికి ఎక్కదు గానీ, రికార్డు మీద వెంట్రుక పడితే వినిపిస్తుంది.

"ఉస్తాద్, ఈ పాటలు నావా, కాదా? ఒక్క మాట చెప్పండి."

ఆయన లేచాడు. ఆమె ఎక్కువ ముక్కలు తీసుకున్న రికార్డు వెతికి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు.

"వెయ్యమ్మా."

వేసింది. ఆ పాట ఆమెకు కంఠతా వచ్చు. చివరి మాట అయిపోగానే అలవాటుగా సూది ఎత్తబోయింది. ఉస్తాద్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

గరగర. మళ్లీ గరగర. తర్వాత అదే గొంతు, పాటలోని ఠీవి ఏమీ లేకుండా, బండి వెళ్లిపోతోందన్నట్టు గబగబా:

"నా పేరు చెన్నమ్మ, బళ్లారి."

వెనకటి రోజుల్లో పాడేవాళ్లు చివర అలా పేరు చెప్పుకునేవాళ్లు. ఆ గొంతును సువార్త వందసార్లు కోసింది. ఒక్కసారీ అక్కడిదాకా వినలేదు.

రెండో రికార్డు తనే తీసింది. తర్వాత మూడోది. మొత్తం పదిహేడు. కొందరు పేరు చెప్పారు, కొందరు చెప్పలేదు. ఒకదాంట్లో తబలా ఆయన పేరు చెప్పకుండా దగ్గి ఊరుకున్నాడు.

"ఇంతమందికి నేనేం ఇచ్చుకోను, ఉస్తాద్?"

"పాట అయినాక కాసేపు కూర్చో, బేటీ."

ఆల్బమ్ వారం ఆలస్యంగా వెళ్లింది. పన్నెండో ముక్క ఒకటి చేరింది. అందులో పాట లేదు, ఆ గొంతులు చెప్పుకున్న పేర్లూ, ఆ దగ్గూ వరసగా ఉన్నాయి. అట్ట మీదా అందరూ ఉన్నారు. ఒకచోట "తబలా: దగ్గినాయన" అని ఉంది. అడుగున, సువార్త.

పదకొండు పాటలూ ఆదోనిలో ఎవరికీ ఎక్కలేదు. పన్నెండోది మాత్రం ఈరన్న రోజూ పొద్దున్నే హోటల్లో వేస్తాడు. దగ్గు వినపడగానే ఖాళీ బల్ల మీద ఒక గ్లాసు మంచినీళ్లు పెడతాడు.