కొత్తవాడి సాన

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న ఊళ్ళో దీన్ని చెప్పేవాళ్ళు లేరు. ఇందులో కత్తులున్నాయి. వినడానికి భయమేమీ లేదు గాని, విన్నాక వంటింట్లోకి పరుగెత్తకండి.

ఒకానొక రాజ్యంలో గజకేసరి భూపతి అనే రాజు ఉండేవాడు. తనకు రాని విద్య లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చెడకుండా చూసుకోవడమే సభలో అందరి ఉద్యోగం.

ఏటా విజయదశమినాడు కోట గుమ్మం ముందు రాజు ఒక్క వేటుతో బూడిదగుమ్మడికాయ కొట్టడం అక్కడి ఆచారం. కిందటేడు కత్తి సగం దిగి ఇరుక్కుపోయింది. రాజుగారు కాయతో సహా కత్తిని పైకెత్తి అలాగే నిలబడిపోయారు. జనం నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డారు. ఆ సాయంత్రమే, కత్తి నూరిన కమ్మరి ఎర్రయ్యను పొలిమేర దాటించేశారు.

ఈ ఏడు పండగ దగ్గర పడగానే రాజు సభలో ప్రకటించాడు. "మా కత్తి ఈసారి మేమే నూరుకుంటాం. దేని మీద నూరాలో మీరు చెప్పండి. కత్తి మళ్ళీ ఇరుక్కుందా, ఆ సాన చెప్పినవాడు ఎర్రయ్య పోయిన దారినే పోతాడు."

మంత్రి దేవరుసు మంచివాడు, తొందరపాటు మనిషి. "ప్రభువులకు ఇది కొత్త పని కదా, కాస్త తేలికైన సాన అయితే..." అన్నాడు.

"తేలికైనదా? మాకా?"

ఆ పూటనుంచే దేవరుసు ఏనుగులశాలలో గడ్డి వేయిస్తున్నాడు.

రాజు చూపు పోలన మీద పడింది. పోలన ఆ సభలో మాటకారి. "నువ్వు చెప్పవోయ్. రేపటిదాకా గడువు."

పోలన ఇంటిదారి పట్టాడు. కష్టమైన సాన చెబితే కత్తి పాడవుతుంది, తను ఊరు విడవాలి. తేలికైనది చెబితే, తేలికన్నందుకు ఏనుగులశాల. పెళ్ళాం బిడ్డలతో కట్టుబట్టలతో పొలిమేర దాటడం కళ్ళముందు మెదిలింది. అలా నడుస్తూ నడుస్తూ ఎర్రయ్య కొలిమి ముందు ఆగాడు. కొలిమి చల్లారి ఉంది. ఎర్రయ్య భార్య గంగమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

సంగతంతా విని ఆమె లోపలినుంచి ఒక కొయ్యదిమ్మ తెచ్చింది. దిమ్మకు మధ్యలో గాడి, గాడిలో రెండు చిన్న సానరాళ్ళు ఒకదానికొకటి ఏటవాలుగా బిగించి ఉన్నాయి.

"పనికి కొత్తగా చేరినవాళ్ళకి మా ఆయన మొదట ఇచ్చేది ఇదే బాబూ. కత్తిని గాడిలో పెట్టి మెల్లగా తనవైపు లాక్కోవడమే. వాటం చేతిలో ఉండక్కర్లేదు, రాళ్ళలోనే ఉంది. అదిమిపెట్టకూడదు, అంతే." దిమ్మ అతని చేతికిస్తూ అంది: "కొత్తవాడన్న మాట మాత్రం రాజుగారి చెవిన పడనివ్వకండి."

"పడనిస్తానమ్మా," అన్నాడు పోలన. "కాకపోతే ఆ కొత్తవాణ్ణి నేనవుతాను."

మర్నాడు పోలన మూడు సానలు, మూడు కూరల కత్తులు సభలోకి మోయించుకొచ్చి, ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, మీ కత్తి సంగతి ఆలోచించే స్థితిలో లేను. ఇంట్లో కూరల కత్తులు మొండిబారాయి. నూరిపెట్టమని మా ఆవిడ పోరు. పుట్టి బుద్ధెరిగాక నేను కత్తి నూరలేదు. నాలాంటి చేతకాని కొత్తవాడికి ఈ మూడిట్లో ఏది పనికొస్తుందో తమరే పరీక్షించి చెప్పాలి. ఇంత తెలిసినవారు ఈ రాజ్యంలో మరొకరు లేరు."

రాజు మీసం మీద చెయ్యి వేశాడు. "నీ చేతకానితనం మాకు తెలుసులే. ఇటు తే."

మొదట సానచక్రం. భటుడు తాడు లాగుతుంటే రాజు కత్తి ఆనించాడు. నిప్పురవ్వలు లేచాయి, అంచు నల్లగా మాడింది. "చక్రానిది దుడుకు స్వభావం," అన్నాడు రాజు. "నీకు పనికిరాదు."

తరవాత నీళ్ళు చల్లిన చదును రాయి. రాజు చెయ్యి ఒకసారి ఎత్తుగా, ఒకసారి వాలుగా పోయింది. కత్తి వెనకటికంటే మొద్దుబారింది. "దీనికి నిలకడ కావాలి. నీకు లేదు."

"లేదు ప్రభూ," అన్నాడు పోలన వినయంగా.

చివరికి కొయ్యదిమ్మ. రాజు కత్తిని గాడిలో పెట్టి లాగాడు. "అదమకండి ప్రభూ... అంటే, నేను అదమకూడదు కదా?" అన్నాడు పోలన.

"కూడదు," అన్నాడు రాజు, చెయ్యి తేలిక చేస్తూ. ఇంకొన్నిసార్లు లాగి, పక్కనున్న తాంబూలం పళ్ళెంలోంచి తమలపాకు ఒకటి తీసి కత్తికి ఆనించాడు. ఆకు చప్పుడు లేకుండా రెండైంది. రాజు దానికేసి కాసేపు చూశాడు. ఇంకో ఆకు తీశాడు. అదీ రెండైంది.

"ఇదే నీకు తగింది. చెయ్యి వణికినా రాయి వణకదు. ఎంత తెలివితక్కువవాడైనా దీని మీద నూరగలడు."

"ధన్యుణ్ణి. కానీ ఒక్కసారి చూస్తే నాకు పట్టుబడదు. పండగనాడు తమ కత్తి కూడా దీని మీదే నూరితే, మళ్ళీ చూసి నేర్చుకుంటాను."

"నీ కోసం ఆ శ్రమ పడతాం," అన్నాడు రాజు.

విజయదశమినాడు రాజు అందరి ఎదుటా కత్తి నూరి, ఒక్క వేటు వేశాడు. గుమ్మడికాయ రెండు చెక్కలై చెరోవైపు దొర్లింది. జనం ఈసారి మనసారా కేకలు వేశారు.

ఆ సాయంత్రం సభలో రాజు తీరిగ్గా అడిగాడు. "ఏమోయ్, మీ ఇంటి కత్తులకు పదునెక్కిందా?"

"వాటికెప్పుడూ పదును పోలేదు ప్రభూ. మా ఆవిడే గడపరాయి మీద నూరుకుంటుంది. తమ ముందు పెట్టినవి సంతలో కొన్న మొండి కత్తులు."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "అయితే ఆ కొత్తవాడెవడు?"

"ఇప్పుడెవరూ లేరు ప్రభూ. పొద్దున గుమ్మడికాయ పగిలిన దగ్గర్నుంచీ ఆయన ఈ రాజ్యంలో ఎక్కడా కనబడటం లేదు."

రాజు పోలన వంక చూశాడు, ఒరలోని కత్తి వంక చూశాడు. ముందు మీసం కదిలింది, తరవాత పొట్ట కదిలింది. చివరికి సింహాసనం పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాక అందరూ నవ్వారు. కిందటేటి నవ్వు కూడా ఇప్పుడే నవ్వేసుకున్నారు.

ఏం కావాలో కోరుకొమ్మంటే పోలన, ఆ దిమ్మ చేసిన ఎర్రయ్యను వెనక్కి పిలిపించమన్నాడు. రాజు పిలిపించాడు, తన కంకణం తీసి పోలన చేతికి తొడిగాడు, దేవరుసును ఏనుగులశాల నుంచి రప్పించాడు. కొయ్యదిమ్మను మాత్రం ఎవరికీ తిరిగి ఇవ్వలేదు.

పిల్లలూ, రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. మన మాటల్లోనే చెప్పండి. "మాకా?" అని రాజు అడిగేచోట గొంతు కాస్త పెంచండి. చెప్పడం మొదలుపెట్టే ముందు ఇంట్లో కత్తులు ఎత్తైన చోట పెట్టడం మరిచిపోకండి.